క్షుద్రపూజల సినిమాలు చూడవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఓటీటీలో చేతబడి సినిమాలే చూస్తున్నాడు. క్రైస్తవ విశ్వాసులమైన మేము వద్దనాలా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: సోదరీ, బైబిలులోని ద్వితీయోపదేశకాండము 18:10-12 శకునాలను, మంత్రప్రయోగాన్ని, మృతులను సంప్రదించడాన్ని ఖండితంగా నిషేధిస్తున్నది, అయితే ఇశ్రాయేలు రాజైన సౌలు ఏన్దోరు అనే ఊరిలో కర్ణపిశాచముగల (మృతుల ఆత్మలను రప్పించే) స్త్రీని ఆశ్రయించిన సంగతిని 1 సమూయేలు 28వ అధ్యాయమే దాచకుండా చెబుతున్నది కనుక, చెడును చూపిన ప్రతి కథా పాపమనడం నాకు సమ్మతం కాదు. ఆ కథ క్షుద్రశక్తిపై అసహ్యం పుట్టిస్తున్నదా, ఆశ రేపుతున్నదా అన్నదే ముఖ్యం. ఎఫెసు పట్టణపు విశ్వాసులు 50,000 వెండి నాణేల విలువైన మాంత్రిక గ్రంథాలను తామే తెచ్చి కాల్చివేశారు (అపొస్తలుల కార్యములు 19:19). ఎవరూ బలవంతంగా లాక్కోలేదు. మీరూ ఫోను లాక్కోకుండా, పక్కన కూర్చుని చూసి, అతనితో మనసు విప్పి మాట్లాడండి. భయంతో నిద్ర చెడినా, ఆ ప్రయోగాలు చేసి చూడాలన్న కోరిక కలిగినా మాత్రం తప్పక మాన్పించండి.