చెట్టెక్కి తల కోసేటప్పుడు ఒక్క నడుం తాడు సరిపోతుందా?

సరిపోదు. మీరు చెప్పిన చెట్టు 40 అడుగులు. పైన 10 అడుగుల మేర ఎండిపోయింది, ఎండు మొదలయ్యే చోట మాను 15 సెంటీమీటర్ల లావుంది. ముందు ఆ తల కోసి, తర్వాత చెట్టంతా ముక్కలుగా దించాలి. చేతిలో కాలి ముళ్లు (ఎక్కడానికి కాళ్లకు కట్టుకునే ఇనుప ముళ్లు), బిల్డింగ్ పనుల్లో వాడే సేఫ్టీ బెల్టు, ఒక తాడు, చైన్‌సా ఉన్నాయి. తాడును మాను చుట్టూ తిప్పి బెల్టుకు తగిలించుకుంటే చాలా అన్నది మీ ప్రశ్న.

మాను చుట్టూ తిప్పే ఆ తాడును లాన్యార్డ్ అంటారు. అది మిమ్మల్ని పని చేసే చోట నిలబెడుతుంది, అంతవరకే దాని పని. మీరు వెనక్కి వాలి, ముళ్లు దిగబడి ఉన్నంతసేపే అది బిగువుగా ఉండి మానును పట్టుకుంటుంది. ముల్లు జారిన క్షణంలో ఒళ్లు మాను మీదికి వస్తుంది, తాడు వదులవుతుంది, కొమ్మల్లేని నున్నటి మాను మీద మీతో పాటే కిందికి జారుతుంది. ఏ మొండి కొమ్మకో తట్టుకునే దాకా ఆగదు. రెండో సంగతి, రంపం బ్లేడుకు అన్నిటికన్నా దగ్గరగా ఉండే తాడు కూడా అదే. మూడోది చాలామందికి తట్టదు: చేతికి గాయమై రక్తం కారుతుంటే లాన్యార్డ్‌తో దిగడమంటే అడుగడుక్కీ దాన్ని రెండు చేతులా కిందికి జరుపుకోవాలి.

అందుకే చెట్టు మీద చైన్‌సా నడిపేటప్పుడు రెండు వేర్వేరు కట్లు ఉండాలి. అమెరికాలో చెట్ల పనికి పాటించే యాన్సీ జెడ్133 భద్రతా ప్రమాణం కూడా రెండో కట్టు అడుగుతుంది. ఒకటి లాన్యార్డ్. రెండోది ఎక్కే తాడు. దీన్ని మానుకు ఉచ్చులా బిగించాలి, కింద నేల దాకా అందాలి, తలుచుకున్న వెంటనే దాని మీద జారి దిగేలా ఉండాలి. నా దృష్టిలో ఈ పనిలో అసలైన ప్రాణరక్షణ ఈ రెండో తాడే.

ఉచ్చు ఎలా వేయాలంటే: తాడు కొసను మాను చుట్టూ తిప్పి, అదే తాడు మీద జారేలా రన్నింగ్ బౌలైన్ ముడి వేయండి. బరువు పడేకొద్దీ ఉచ్చు బిగుసుకుంటుంది, ముల్లు జారినా మానును వదలదు. కుదిరితే ఉచ్చుకు సరిగ్గా కింద ఒక చిన్న మొండి కొమ్మ ఉండే చోటు చూసుకోండి, లేదా పైన కొమ్మలు కొట్టేటప్పుడే అక్కడ బొటనవేలంత మొండి వదలండి. వేలాడే తాడు మీద స్వయంగా బ్రేక్ పడే డిసెండర్ (తాడు మీద నెమ్మదిగా జారి దిగే పరికరం) ఎక్కించి, హార్నెస్ (ఒంటికి కట్టుకునే పట్టీల అమరిక) ముందు భాగానికి తగిలించాలి. చేయి వదిలేస్తే అది ఆగిపోవాలి. తాడు లావు 11 నుంచి 13 మిల్లీమీటర్లు, సాగుడు తక్కువ ఉండే రకం. డిసెండర్ మీద రాసి ఉన్న లావుకు సరిపోవాలి. తాడు చివర ఎనిమిది అంకె ముడి తప్పకుండా వేయండి. ముడి లేకపోతే, పొడవు చాలని రోజున తాడు కొస డిసెండర్‌లోంచి జారిపోతుంది. దిగాక తాడును కింద నుంచే లాగి తీసుకోవాలంటే ఉచ్చు నుంచి ఇంకో పాయ నేల దాకా రావాలి కాబట్టి, ఎత్తుకు రెండింతల పొడవు లెక్క వేసుకోండి.

ఇక మీ బెల్టు. బిల్డింగ్ పనుల బెల్టులో పట్టు రింగు వీపు మీద ఉంటుంది. పడితే ఆపడానికి తప్ప, వెనక్కి వాలి పని చేయడానికి అది పనికిరాదు. నడుముకు మాత్రమే ఉండే పట్టీ ఇంకా ప్రమాదం: పడిన ఊపంతా పొట్ట మీద, వెన్ను మీద పడుతుంది, కింద వేలాడుతుంటే ఊపిరి అందదు. చెట్ల హార్నెస్‌కు తొడల చుట్టూ పట్టీలు, లాన్యార్డ్‌కు రెండు పక్కలా రింగులు, ఎక్కే తాడుకు ముందు భాగంలో కట్టు ఉంటాయి. మీరు కొత్తగా కొనాల్సింది ఒక్కటే అయితే అది ఇదే.

లాన్యార్డ్ లోపల ఉక్కు తీగ ఉన్న రకం మంచిది. చేతిరంపం తగిలినా, చైన్‌సా ఒక్కసారి రాసుకున్నా కాస్త తట్టుకుంటుంది. తెగదని మాత్రం కాదు. కరెంటు తీగలు దగ్గరుంటే ఆ ఉక్కే కరెంటును మీదాకా తెస్తుంది. కొక్కేలు, అంటే కారబినర్లు, తలుపు దానంతట అది మూసుకుని తాళం పడేవి కావాలి, తెరవాలంటే కనీసం రెండు వేర్వేరు కదలికలు అవసరమయ్యేవి. నిలువుగా లాగితే వాటి బలం 22 కిలోన్యూటన్లకు, అంటే దాదాపు 2,200 కిలోల బరువుకు, తగ్గకూడదు. అదే కారబినర్ మానుకు అడ్డంగా ఆనుకుని బరువు పడితే బలం చాలా రకాల్లో మూడో వంతుకు పడిపోతుంది. అందుకని తగిలించిన ప్రతిసారీ అది ఏ దిక్కుకు తిరిగిందో చూడండి. క్లిక్‌మన్న చప్పుడు విని వదిలేయొద్దు, తలుపు మూసుకోవడం కళ్లారా చూసి, బరువు వేసి, అప్పుడు నమ్మండి.

ఎక్కే ముందు మొదలు చుట్టూ తిరిగి చూడండి. పుట్టగొడుగులు, తొర్రలు, కొత్తగా చీలిన నేల, వదులైన బెరడు కనిపిస్తే, సుత్తితో కొడితే డొల్ల చప్పుడు వస్తే ఎక్కొద్దు. తల ఎండిన చెట్టులో వేరు కూడా కుళ్లి ఉండొచ్చు. అలాంటి చెట్టుకు బకెట్ లిఫ్ట్ (మనిషిని తొట్టిలో పైకెత్తే యంత్రం) తప్ప దారి లేదు, అది అందకపోతే ఆ పని ఆపేయడమే. కరెంటు తీగకు మీ ఒళ్లు గానీ, పనిముట్టు గానీ, పడే కొమ్మ గానీ 3 మీటర్ల లోపు వచ్చే అవకాశం ఉంటే సరఫరా ఆపించి, ఆపారని రూఢి చేసుకున్నాకే ఎక్కాలి. గాలి వీస్తుంటే ఆ రోజుకు వద్దు.

ముళ్లతో ఎక్కేటప్పుడు చాలామంది భయంతో మానును కౌగిలించుకుంటారు. జారేది సరిగ్గా అప్పుడే. మోకాళ్లు మానుకు దూరంగా, పిరుదులు వెనక్కి ఉంటేనే ముల్లు వాలుగా లోపలికి దిగుతుంది. ఒళ్లు దగ్గరికి తెస్తే ముల్లు బయటికి తిరుగుతుంది. ఒక్కో అడుగు 20 సెంటీమీటర్లు చాలు. మందపాటి బెరడుకు పొడవు ముళ్లు వాడాలి, పొట్టివైతే కలప దాకా అందవు, బెరడు ఊడొస్తుంది. కొమ్మ అడ్డొచ్చినప్పుడు లాన్యార్డ్ విప్పి పైన తిప్పుకునే ఆ కొన్ని క్షణాలు ఏ ఆధారమూ లేకుండా ఉండకూడదు. రెండు లాన్యార్డులు పెట్టుకుని, పైది తగిలించి బరువు వేశాకే కిందిది విప్పండి.

మీ చెట్టులో ఎండుకు, పచ్చికి హద్దు ఎక్కడుందో బెరడు గీరి చూసుకోవాలి. నిలబడేది, రెండు కట్లూ కట్టేది, కోసేది అంతా ఆ హద్దుకు కిందే, పచ్చి కలపలో. ఎండు కలపలో గాటు పెడితే కీలు (గాటుకూ వెనక కోతకూ మధ్య కోయకుండా వదిలే చెక్క) వంగదు, టక్కున విరిగి తల తన ఇష్టం వచ్చిన వైపు పోతుంది. కట్లు వేసే చోట మాను 10 సెంటీమీటర్లకు తగ్గకూడదు. మీది 15 కాబట్టి ఫరవాలేదు. సన్నటి మాను మీద లాన్యార్డ్‌ను రెండు చుట్లు తిప్పితే జారడం తగ్గుతుంది. కోత మీ నడుముకూ ఛాతీకీ మధ్య ఎత్తులో రావాలి, భుజాలు దాటి ఎప్పుడూ వద్దు. లాన్యార్డ్, ఉచ్చు రెండూ కోతకు కనీసం 30 సెంటీమీటర్లు కింద ఉండాలి. పైన ఏ కొమ్మకైనా తాడు వేసి ఎక్కి ఉంటే, కోత మొదలు పెట్టే ముందు దాన్ని కిందికి మార్చడం మరిచిపోకండి. తలతో పాటు మీరూ పోతారు.

ఇక్కడ ఒక చిన్న విషయం ప్రాణాలు తీస్తుంది. మీ ఎక్కే తాడు మిగులు భాగం మాను వెంట కిందికి వేలాడుతూ ఉంటుంది. అది తల పడే వైపు ఉంటే, పడుతున్న తలలోని కొమ్మలు ఆ తాడును పట్టుకుని మిమ్మల్ని హార్నెస్‌తో సహా కిందికి ఈడుస్తాయి. కోతకు ముందు మిగులు తాడును పడే వైపుకు ఎదురుగా, వెనక పక్కకు తిప్పండి, లేదా సంచిలో పోసి మీ వెనక వేలాడదీయండి.

తల పడగొట్టే దిక్కు నిర్ణయించాక, మీరు దానికి ఎదురు పక్కన, కాస్త ఓరగా నిలబడండి. ముందు గాటు పడే వైపు పెట్టాలి. లోతు మాను లావులో నాలుగో వంతు నుంచి మూడో వంతు, మీ 15 సెంటీమీటర్లకు 4 నుంచి 5. గాటు నోరు 70 డిగ్రీల వరకు వెడల్పుగా తెరవండి. ఇరుగ్గా ఉంటే తల సగం వంగకముందే నోటి పైభాగం, కింది భాగం తగులుకుని కీలు తెగుతుంది. వెనక కోత గాటు మూలతో సమానంగా, లేదా వేలి మందం పైన రావాలి. కీలుగా వదలాల్సింది లావులో పదో వంతు, మీకు 1.5 సెంటీమీటర్లు, రెండు చివరలా ఒకే మందం. ఒక వైపు ఎక్కువ కోస్తే తల రెండో వైపుకు తిరుగుతుంది.

కీలు దగ్గరికి రాగానే రంపం ఆపి, చైన్ బ్రేక్ వేసి, పక్కకు వేలాడదీసి, అప్పుడు రెండు చేతులతో తలను నెట్టండి. లేదంటే ముందే తలకు కట్టిన తాడును కింది మనిషి నెమ్మదిగా లాగాలి. మిగిలిన కాస్త చేతిరంపంతో కోయడం ఇంకా మంచి పద్ధతి, పనిమీద పట్టు పోదు. చైన్‌సాను రెండు చేతులతోనే పట్టుకోవాలి. బ్లేడు కొస పైభాగం దేనికైనా తగిలితే రంపం మొహం మీదికి ఎగురుతుంది, ఒంటి చేత్తో దాన్ని ఆపలేరు. తల వెళ్లిపోగానే మాను వెనక్కీ ముందుకూ ఊగుతుంది. మోకాళ్లు కాస్త వంచి దానితో పాటే ఊగండి, వేళ్లు మానుకూ లాన్యార్డ్‌కూ మధ్య ఉండకూడదు.

తల ఒక వైపు బాగా వాలి ఉంటే అదో వేరే ప్రమాదం. వెనక కోత పూర్తి కాకముందే బరువుకు మాను నిలువునా చీలుతుంది. చీలిక పైకి పోతే వెనక చెక్క ఛాతీ మీదికి ఎగిరి తంతుంది. కిందికి పోతే మాను విచ్చుకుని, దాని చుట్టూ ఉన్న లాన్యార్డ్ మిమ్మల్ని మానుకు నొక్కేస్తుంది. అందుకని వాలిన వైపు కొమ్మలు ముందు తీసేసి బరువు తగ్గించండి, పదునైన చైన్‌తో ఆగకుండా కోయండి, కోతకు పైన ఒకటి, కింద ఒకటి రాట్చెట్ పట్టీలు (పిడి తిప్పి బిగించే పట్టీలు) మాను చుట్టూ బిగించండి. వాలు మరీ ఎక్కువుంటే కొత్తవాళ్లు అసలు ముట్టుకోవద్దు.

కొబ్బరి, తాటి జాతి చెట్లకు ఈ కీలు లెక్క నమ్మకంగా పనిచేయదు. లోపలంతా పీచు కాబట్టి వంగాల్సిన చోట చింపుకుపోతుంది. వాటిని చిన్న ముక్కలుగా, తాడుతో పట్టి దించాలి.

కింద ఇద్దరు ఉండాలి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరం లోపలికి ఎవరూ రాకూడదు, మీరు పైనుంచి సరే అని బదులిచ్చాకే కింది మనిషి లోపలికి అడుగు పెట్టాలి. ఆ ఇద్దరిలో ఒకరికి చెట్టెక్కడం, మిమ్మల్ని దించడం వచ్చి ఉండాలి, రెండో హార్నెస్, రెండో తాడు కిందే సిద్ధంగా ఉండాలి. స్పృహ తప్పి హార్నెస్‌లో నిలువునా వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో దించాలి. కాళ్లలో రక్తం నిలిచిపోయి, బయటికి గాయం ఏమీ లేకపోయినా ప్రాణం పోవచ్చు. ఎవరికో ఫోన్ చేసి పిలిపించేంత వ్యవధి ఉండదు.

ఇదంతా తీసేయబోతున్న చెట్టుకే. బతికించాలనుకున్న చెట్టుకు ముళ్లతో ఎక్కొద్దు, ఎత్తు తగ్గించాలని తల నరకొద్దు. ఆ గాయంలోంచి కుళ్లు దిగుతుంది, చుట్టూ మొలిచే కొత్త కొమ్మలు బలహీనంగా అతుక్కుని తర్వాత గాలికి విరుగుతాయి.

తల పోయాక మిగిలిన మానుకు కూడా ఇదే వరస, ముక్క ముక్కకూ. లాన్యార్డ్ బిగించి ఉంచి, ఉచ్చును మీటరో మీటరున్నరో కిందికి జరిపి, బరువు వేసి చూసి, అప్పుడు లాన్యార్డ్‌ను దించుకుంటూ దిగండి. ముక్కలు చిన్నవిగా తీయండి: 20 సెంటీమీటర్ల లావు, మీటరు పొడవున్న పచ్చి దుంగ దాదాపు 30 కిలోలు ఉంటుంది. ఆ బరువును చేతులతో నెట్టగలరేమో గానీ పట్టుకోలేరు. మిగిలిన మాను పొడవుకు ఒకటిన్నర రెట్లు ఖాళీ జాగా ఒక వైపు దొరికిందంటే పైన ఇంకో ముక్క కోయకండి. దిగి, ముళ్లు విప్పి, నేల మీద నిలబడి పడగొట్టండి.