ఎక్స్‌రే బాగానే ఉందన్నారు.. మణికట్టు నొప్పి తగ్గట్లేదు!

ప్రశ్న: నా వయసు 24. పన్నెండు రోజుల క్రితం వానలో బైక్ జారి, అరచేయి నేలకు ఆనించి పడ్డాను. కుడి మణికట్టు వాచింది. అదే రోజు ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదు, బెణికిందంతే అన్నారు. క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని మాత్రలు వాడుతున్నాను. వాపు పోయింది గానీ యాక్సిలరేటర్ తిప్పినా, సీసా మూత తీసినా బొటనవేలి మొదట్లో కలుక్కుమంటోంది. నాటుకట్టు వేయిద్దామని మా నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: నాటుకట్టు సంగతి తర్వాత. ముందు కుడి బొటనవేలిని పైకెత్తి, వీలైనంత వెనక్కి చాపండి. వేలి మొదట్లో, మణికట్టు పక్కన రెండు తీగలు బిగుసుకుని వాటి మధ్య చిన్న గుంట పడుతుంది. ముక్కుపొడుం అలవాటున్నవాళ్లు చిటికెడు పొడుం అందులో పోసుకుని పీల్చేవారు కాబట్టి దానికి స్నఫ్‌బాక్స్ అనే పేరు స్థిరపడింది. ఎడమ చూపుడువేలి కొసతో ఆ గుంటలో నొక్కండి. తర్వాత ఎడమ చేతి గుంటలోనూ అంతే బలంగా నొక్కి చూడండి. అక్కడో సన్నని నరం ఉంటుంది, మంచి చేతికీ కాస్త సలుపుతుంది. అందుకే రెండూ పోల్చమంటున్నాను. కుడివైపు నొప్పి స్పష్టంగా ఎక్కువగా ఉంటే, మొదటి ఎక్స్‌రే ఏం చెప్పినా, స్కఫాయిడ్ ఎముక విరిగిందనే అనుమానంతోనే ముందుకెళ్లాలి.

మణికట్టులో గులకరాళ్లు పేర్చినట్టు ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరుసల్లో ఉంటాయి. వాటిలో బొటనవేలి వైపు, ఆ గుంట అడుగున ఉండేది స్కఫాయిడ్. చూడటానికి జీడిపప్పులా ఉండి, రెండు వరుసలనూ కలుపుతుంది. అరచేయి ఆనించి పడ్డప్పుడు ఆ బరువంతా దీని నడుము మీద పడుతుంది.

దీనికి రక్తం అందే తీరే అసలు చిక్కు. రక్తనాళాలు చాలావరకు వేళ్ల వైపు సగంలోకి దిగి, అక్కడి నుంచి వెనక్కి, ముంజేతి వైపు సగానికి వెళ్తాయి. మధ్యలో కాలువ తెగితే చివరి భూములు ఎండినట్టే, నడుము దగ్గర విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం తగ్గిపోతుంది. కొందరిలో ఆ ముక్క చచ్చుబడుతుంది. ఎముక అతకకుండా వదిలేస్తే కొన్నేళ్లలో మణికట్టు కీలు అరిగిపోతుంది. మోసమేంటంటే, అతకకపోయినా నొప్పి కొన్ని వారాల్లో తగ్గిపోవచ్చు.

మరి ఎక్స్‌రేలో ఎందుకు కనిపించలేదు? ఎముక ఏటవాలుగా ఉంటుంది, పక్క ఎముకల నీడ దాని మీద పడుతుంది. ముక్కలు పక్కకు జరగకపోతే చీలిక వెంట్రుకంత సన్నగా ఉంటుంది. 10-14 రోజులకు చీలిక అంచుల్లో ఎముక కొంత కరిగి, గీత కనిపించడం మొదలవుతుంది. మీకిప్పుడు సరిగ్గా అదే సమయం. ఎముకల డాక్టర్ దగ్గరకు వెళ్లి, మామూలు మణికట్టు ఎక్స్‌రే కాకుండా స్కఫాయిడ్ వ్యూస్ కావాలని అడగండి. ఇందులో చేతిని చిటికెనవేలి వైపు వంచి తీస్తారు, అప్పుడు ఎముక నిడివిగా కనిపిస్తుంది. అందులోనూ తేలకుండా గుంటలో నొప్పి ఉంటే ఎంఆర్‌ఐ తీయించడమే మేలు. ముక్కలు ఎంత జరిగాయో కొలవడానికి మాత్రం సీటీ మెరుగు.

నడుము దగ్గర విరిగి, ముక్కలు కదలకుండా ఉంటే మోచేతి కింది నుంచి వేళ్ల కణుపుల ముందు దాకా సిమెంటు కట్టు వేస్తారు. 8-12 వారాలు పడుతుంది. రక్తం తక్కువ అందే కొస విరిగితే ఇంకా ఎక్కువ. ముక్కలు 1 మిల్లీమీటరు కన్నా ఎక్కువ జరిగినా, ఆ కొస విరిగినా సాధారణంగా ఎముక లోపల చిన్న స్క్రూ బిగిస్తారు. సిగరెట్ అలవాటుంటే మానేయండి, ఎముక అతకడం దానివల్ల బాగా ఆలస్యమవుతుంది.

నాటుకట్టుతో వచ్చే ఇబ్బంది పూసే ఆకుపసరు కాదు. కట్టే ముందు లాగడం, రుద్దడం వల్ల కదలని ముక్కలు కదులుతాయి. లోపల అతుకుతోందో లేదో చూసే దారీ ఉండదు. ఏ కట్టయినా సరే, వేసిన తర్వాత వేళ్లు నల్లబడినా, మొద్దుబారినా, వేళ్లు చాపితే భరించలేని నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా విప్పించాలి.

గుంటలో నొప్పి లేకుండా, దానికి కాస్త పైన మణికట్టు అంచు ఎముక మీద ఉంటే అది బొటనవేలి తీగల పొర వాపు కావచ్చు. పసిపిల్లల్ని తరచూ ఎత్తుకునే తల్లుల్లో ఇది ఎక్కువ. కానీ కిందపడిన తర్వాత మొదలైన నొప్పి కాబట్టి మీ విషయంలో ఎముక సంగతి తేలాకే ఆ ఆలోచన.

డాక్టర్‌ను కలిసేదాకా క్రేప్ బ్యాండేజీ సరిపోదు, బొటనవేలిని కూడా పట్టి ఉంచే స్ప్లింట్ మందుల షాపులో తీసుకోండి. బైక్ నడపొద్దు, బరువులెత్తొద్దు. మొదటి ఎక్స్‌రే ఫిల్ముని పారేయకుండా వెంట తీసుకెళ్లండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ రోజు లేని గీత ఈ రోజు కనిపించడం తేలిగ్గా పట్టుబడుతుంది.