చెవిపోటుకు మొదలు ముక్కులో

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మా పాపకు ఏడాదిన్నర. కార్తీకం వానల్లో జలుబు చేసింది. నాలుగో రోజు రాత్రి ఒకటే ఏడుపు. పడుకోబెడితే గుక్కపట్టేది, భుజాన వేసుకుంటే ఊరుకునేది. కడుపునొప్పి అనుకుని గ్రైప్ వాటర్ పట్టాను. మా అత్తయ్య చెవిపోటేమోనని వెల్లుల్లి కాచిన నువ్వుల నూనె రెండు చుక్కలు వేశారు. తెల్లారేసరికి పాప హాయిగా నిద్రపోతోంది, కానీ దిండు మీద పసుపు మరక, చెవిలో చీము. నూనెకు లోపలి చెడంతా బయటికి వచ్చేసిందని అత్తయ్య అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. డాక్టరుకు చూపించాలా? చెవుడు వస్తుందా?
– ఒక తల్లి, ఇందుకూరుపేట

జవాబు: చూపించాలమ్మా. ఈ పత్రిక మీ చేతికి వచ్చేలోపే చూపించి ఉంటారనుకుంటాను.

ముందు మీ అత్తయ్యకు సగం మార్కులు వేస్తాను. మీరు కడుపు అనుకున్నారు, ఆమె చెవి అన్నారు. అది నిజం. కానీ నొప్పి తగ్గింది నూనె వల్ల కాదు. కర్ణభేరి వెనక చీము నిండింది. ఆ ఒత్తిడికి కర్ణభేరికి చిన్న చిల్లు పడి, చీము బయటికి దారి చూసుకుంది. ఒత్తిడి పోయింది, పాప నిద్రపోయింది. నూనె వేయకపోయినా అదే జరిగేది. మనం వేసే నూనె కర్ణభేరికి ఇవతలే ఆగిపోతుంది, జబ్బు ఉన్నదేమో అవతల. ఇప్పుడు చిల్లు పడింది కాబట్టి నూనె వేస్తే నేరుగా లోపలికే పోతుంది. అందుకని ఇక చుక్క కూడా వద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చే చుక్కల మందూ వద్దు. చిల్లు ఉన్న చెవిలో వేయకూడని రకాలు అందులో ఉంటాయి. ఆ నువ్వుల నూనె చేపల పులుసులోకే బాగుంటుందని అత్తయ్యతో నా మాటగా చెప్పండి.

ఇంతకీ ఈ చీము ఎక్కడి నుంచి వచ్చింది? ముక్కు వెనక నుంచి మధ్య చెవికి, అంటే కర్ణభేరి వెనక ఉండే భాగానికి, యూస్టేషియన్ ట్యూబ్ అని సన్నని గొట్టం ఉంటుంది. పెద్దవాళ్లలో అది ఏటవాలుగా ఉంటుంది. పిలకాయల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబుకు అది వాచి మూసుకుపోతే లోపల నీరు నిలుస్తుంది, అందులో క్రిములు చేరతాయి. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. ఆ వయసులో చెవి నొప్పి అని చెప్పలేరు కదా. జలుబు మొదలైన రెండు మూడు రోజులకు మళ్లీ జ్వరం, పాలు తాగబోయి వదిలేయడం, చెవి పట్టుకుని లాక్కోవడం... ఇవి కనిపిస్తే చెవి చూపించాలి. పడుకుంటే చెవిలో ఒత్తిడి పెరుగుతుంది. భుజాన వేసుకుంటే ఊరుకునేదని రాశారే, మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే మాట అదే. డాక్టరుకు కూడా అదే మొదట చెప్పండి.

రెండేళ్లు నిండని పాప, చెవి కారుతోంది. కాబట్టి తాగే యాంటీబయాటిక్ రాసే అవకాశమే ఎక్కువ. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకండి. నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ చాలు. కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల లెక్కన పది కిలోల పాపకు 150. సిరప్ సీసాలు ఒకటి పలుచన, ఒకటి చిక్కన ఉంటాయి. అందుకని పక్కింటి సీసాతో కొలవకుండా డాక్టరుకు బరువు చెప్పి రాయించుకోండి. స్నానం చేయించేటప్పుడు వాజలీన్ రాసిన దూది చెవి ముందు పెట్టండి. బయటికి వచ్చిన చీము మెత్తని గుడ్డతో తుడవండి. ఇయర్ బడ్ లోపలికి పెట్టొద్దు.

చెవి వెనక వాచి డొప్ప ముందుకు పొడుచుకొచ్చినా, మూతి ఒక పక్కకు లాగినా, పాప మత్తుగా పడి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వచ్చేయండి, అక్కడ ఈఎన్‌టీ విభాగం ఉంది.

ఇక చెవుడు సంగతి. ఇలాంటి చిల్లు చాలామందిలో కొన్ని వారాల్లో దానంతట అదే పూడుకుంటుంది. కానీ చీము ఆగాక కూడా కర్ణభేరి వెనక నీరు నిలిచిపోవచ్చు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, వినికిడి మాత్రం మందగిస్తుంది. ఇది మా ఇంట్లోనే జరిగింది. మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు టీవీకి మూరెడు దూరంలో కూర్చునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు, రెండోసారి పిలిస్తే "ఆఁ?" అనేవాడు. మొండితనం అనుకుని రెండు నెలలు తిట్టాను. రోజూ ఊళ్లోవాళ్ల పిలకాయల చెవులు చూసే నేనే! ఒకరోజు వెనక నుంచి మెల్లగా "చాక్లెట్ తింటావా?" అన్నాను. తిరగలేదు. అప్పుడు తీసుకెళ్లి పరీక్ష చేస్తే రెండు చెవుల్లోనూ నీరు. మూడు నెలలు తిరిగేసరికి అదే ఇంకిపోయింది, ఆపరేషన్ దాకా పోలేదు. తిట్టినవి మాత్రం వాడికి ఇంకా గుర్తున్నాయి. మీరూ మూడు నెలలయ్యాక పాప వినికిడి ఒకసారి పరీక్ష చేయించండి. ఈలోగా ఎప్పుడైనా వెనక నుంచి మెల్లగా పిలిచి చూస్తూ ఉండండి.

పాలసీసా ఊయల్లో పడుకోబెట్టి ఇస్తుంటే మానేయండి, తల ఎత్తి పట్టుకుని పట్టాలి. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్ తాగితే బయటికి పంపండి. టీకాల కార్డులో పీసీవీ (న్యుమోకాకస్ అనే క్రిమికి వేసే టీకా) ఉందేమో చూడండి. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఉచితంగా వేస్తారు. దానితో చెవిపోటు పూర్తిగా పోదు గానీ తగ్గుతుంది.

ప్రశ్న: కొత్తపట్నం బీచ్‌లో రెండు రోజులు ఆడాక మా ఏడేళ్ల బాబుకు చెవి నొప్పి. నీళ్లు దూరి లోపల చీము పట్టిందా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: కర్ణభేరి బాగుంటే బయటి నీళ్లు మధ్య చెవిలోకి పోవు. చెవి డొప్ప పట్టుకుని మెల్లగా లాగి చూడండి. "అబ్బా" అంటే బయటి గొట్టంలో ఇన్ఫెక్షన్, దానికి డాక్టరు రాసిన చుక్కలతో సరిపోతుంది. లాగినా నొప్పి పెరగక, ఈ మధ్య జలుబు కూడా చేసి ఉంటే పైన ఇందుకూరుపేట అమ్మాయికి రాసినదే మీకూ. ఏదైనా చెవి లోపల చూస్తేనే తేలుతుంది కాబట్టి ఒకసారి చూపించండి. తగ్గేదాకా సముద్రం వద్దు.