పాత ఎలక్ట్రిక్ గిటారుకు వెల కట్టడం ఎలా?

అమెరికాలో చదువు ముగించుకుని, ఉద్యోగం కోసం వేరే రాష్ట్రానికి తరలిపోయే మన విద్యార్థులు ఏటా మే నెలలోను, డిసెంబరులోను నన్ను అడిగే సందేహం ఇది: రెండేళ్ల కిందట ముచ్చటపడి కొనుక్కున్న ఎలక్ట్రిక్ గిటారును ఇప్పుడు ఎంతకు అమ్మాలి? చాలామంది కొన్న ధరలో సగం అనుకుని ఒక అంకె చెబుతారు, లేదా ఇల్లు ఖాళీ చేసే చివరి రోజున ఎవరు ఎంతిస్తే అంతకు వదిలేసుకుంటారు. రెండు పద్ధతుల్లోనూ నష్టపోయేది అమ్మేవారే. ఒక సాయంత్రం ఓపికగా కూర్చుంటే సరైన వెల దాదాపు కచ్చితంగా తేలుతుంది.

ముందుగా మీ చేతిలో ఉన్నది ఏ గిటారో తెలియాలి. ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్ ఆకారంలోనే నేడు కాలిఫోర్నియాలోని కరోనాలో, మెక్సికోలోని ఎన్సెనాడాలో గిటార్లు తయారవుతున్నాయి. అదే సంస్థ స్క్వయర్ అనే పేరుతో ఆసియా దేశాల్లో చవక రకాలను చేయిస్తోంది. దూరం నుంచి చూస్తే మూడూ ఒకలాగే కనిపిస్తాయి గాని, వెలలో మాత్రం చాలా తేడా ఉంటుంది. గిబ్సన్, ఆ సంస్థదే అయిన చవక రకం ఎపిఫోన్ గిటార్ల సంగతీ అంతే. కాబట్టి బిరడాలుండే తల భాగంపైనున్న పేరును, సీరియల్ నంబరును ఫోటో తీసి పెట్టుకోండి. 2010 తర్వాతి ఫెండర్లలో ఎంఎక్స్ అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు మెక్సికోలో తయారైనదానికి, యూఎస్ అనే అక్షరాలతో మొదలయ్యేది అమెరికాలో తయారైనదానికి గుర్తు. ఆ అక్షరాల వెంటనే వచ్చే రెండంకెలు సంవత్సరాన్ని సూచిస్తాయి.

తర్వాత ఈబే, రివర్బ్ వంటి ఆన్‌లైన్ అమ్మకాల సైట్లలో అదే మోడల్ నిజంగా ఎంతకు అమ్ముడుపోయిందో వెతకండి. అమ్మకానికి పెట్టిన ధరలను లెక్కలోకి తీసుకోకండి. ఎనిమిది వందల డాలర్లు అడుగుతూ ఏడాదిగా పడివున్న గిటారు మీకేమీ చెప్పదు. అమ్ముడైనవాటిని మాత్రమే చూపించే వడపోత పెట్టి, గత మూడు నెలల్లో అదే మోడల్‌కు, దగ్గర సంవత్సరానికి, దగ్గర స్థితికి చెందినవాటిని అయిదారింటిని రాసుకుని, అన్నిటికన్నా ఎక్కువదాన్ని, తక్కువదాన్ని కొట్టేస్తే మిగిలినవాటి నడిమి ధర మీకు ఆధారం అవుతుంది.

ఇక స్థితి. ఇక్కడే నిదానించాలి, ఎందుకంటే కొనేవాడు వంకపెట్టేదీ, మీరు జవాబు చెప్పుకోవాల్సిందీ ఇక్కడే. వీణకు ఉన్నట్టే గిటారు మెడ మీద కూడా మెట్లుంటాయి, వాటిని ఫ్రెట్లంటారు. తీగలు వదులు చేసి, మొదటి అయిదు మెట్లను కిటికీ వెలుగులో ఏటవాలుగా చూడండి. తీగ కింద లోహం గుంటపడి ఉంటే ఆ మేరకు వెల తగ్గుతుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారి బాటలో గిటారు మీద గమకాలు సాధన చేసేవారు తీగను పక్కకు లాగుతూ ఉంటారు కనుక వారి గిటార్లకు ఈ అరుగుదల త్వరగా వస్తుంది. మినియాపొలిస్ లాంటి చలి ప్రాంతాల్లో హీటరు వేసిన ఇళ్లలో గాలి పొడిబారి, మెడ చెక్క కుంచించుకుపోయి, మెట్ల చివరలు బయటికి పొడుచుకొస్తాయి. అరచేతిని మెడ అంచు వెంట జరిపితే గీరుకుంటుంది. అది బాగుచేయించగలిగిన లోపమే.

మెడ తలతో కలిసే చోట పగులుంటే సంగతి వేరు. గిబ్సన్ తరహా గిటార్లలో తల వెనక్కి వంగి ఉండి, మెడ లోపల ఇనుప కడ్డీకి తవ్విన గాడి వల్ల సరిగ్గా అక్కడే చెక్క పలచబడుతుంది, గిటారు వెల్లకిలా పడితే అక్కడే విరుగుతుంది. వచ్చిన కొత్తలో ఒక అపరిచితుడి దగ్గర అలాంటిదొకటి కొన్నాను. వార్నిష్ కింద వెంట్రుక మందాన ఉన్న గీతను టార్చి వేసి చూడనందువల్ల, అతికించిన గిటారుకు నిండు గిటారు ధర చెల్లించాను. అతికింపు ఎంత బాగున్నా వెల సుమారు సగానికి పడిపోతుంది. మీ గిటారుకు అలాంటి పగులుంటే ముందే ఫోటో తీసి చూపించి, ఆ ధరకే అమ్మండి.

పికప్‌లు, అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు, మార్పించి ఎక్కువ ఖర్చు పెట్టామని ఆ ఖర్చు ధరలో కలపకండి, అది తిరిగి రాదు. పాత విడిభాగాలు దాచి ఉంచి వెంట ఇస్తే మంచిది.

ఈ మధ్య ఖమ్మం నుంచి వచ్చిన ఒక అబ్బాయి మెక్సికో స్ట్రాటోకాస్టర్‌కు మేమిద్దరం కలిసి వేసిన లెక్క ఇది. అమ్ముడైన ధరల నడిమి అంకె 520 డాలర్లు. మెట్లు సమం చేయడానికి మరమ్మతు చేసేవారు అడిగింది 120, స్వరాన్ని ఊగించడానికి వాడే ట్రెమొలో కడ్డీ పోయినందుకు 15. ఈ రెండూ తీసేసి, గిటారును భద్రపరిచే గట్టి పెట్టె ఉన్నందుకు 50 కలిపితే 435 వచ్చింది. దుకాణంలో ఇస్తే వాళ్లు తిరిగి అమ్మే ధరలో దాదాపు సగమే చేతికొస్తుంది. ఆన్‌లైన్‌లో అమ్మితే రుసుములన్నీ కలిపి సుమారు 8 శాతం పోతుంది, పెద్ద పెట్టె పంపే ఖర్చు అదనం. అందుకే ఊళ్లోనే కొనేవారిని వెతికాడు. అడిగినదానికన్నా ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగతాది తిరిగి పంపమన్న ఒకరిని వెంటనే వదిలేశాడు, ఎందుకంటే అది ఇక్కడి పాత మోసం, ఆ చెక్కు తర్వాత చెల్లకుండా పోతుంది. చివరికి పోలీసు స్టేషన్ ముందున్న పార్కింగ్ స్థలంలో నగదుకు 425 డాలర్లకు ఇచ్చేశాడు.

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారికి ఒక్క మాట. వాడుకున్న సొంత గిటారును అమ్ముకోవడం వేరు, లాభానికి పదేపదే కొని అమ్మడం వేరు. రెండోది అనుమతి లేని వ్యాపారంగా లెక్కకు రావచ్చు కనుక ముందుగా మీ విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగండి. ఇంటికే తీసుకెళ్లిపోవాలనుకుంటే గిటారుతో ఇబ్బంది లేదు, మన దేశంలో కరెంటు 230 వోల్టులు కనుక ఇక్కడి 120 వోల్టుల యాంప్లిఫయరును మాత్రం ఇక్కడే అమ్మేయండి.