పాఠకుల ప్రశ్నలకు జవాబులు: సంఘపు పనుల నడుమ ప్రభువుతో గడిపే వేళ

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనములు. మాది గుంటూరు. మా సంఘంలో పదకొండేళ్లుగా స్త్రీల సమాజానికి కార్యదర్శిగా ఉన్నాను. ఆదివారం ఉదయం సండే స్కూలు, ఆ వెంటనే ఆరాధనలో క్వయిర్, బుధవారం గృహకూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, వేసవి సెలవుల్లో వీబీఎస్ (పిల్లల సెలవుకాల బైబిలు బడి), కోతపండుగకు వసూళ్లు, డిసెంబరులో కారల్స్, ఇలా ఏడాది పొడవునా సంఘపు పనిలోనే గడిచిపోతోంది. గత నెలలో ఒక రాత్రి మంచం ప్రక్కన మోకరించినప్పుడు నా నోట ఒక్క మాట రాలేదు. ఉపవాస కూటంలో మైకు చేతికిస్తే పావుగంట ధారాళంగా ప్రార్థించగలను గాని, ఒంటరిగా ఉన్నప్పుడు నా మనస్సు మరునాటి భోజనాల లెక్కల మీదికి పోతోంది. "నువ్వు చేసేదంతా దేవుని పనే కదా, అదే ప్రార్థన అనుకో" అని మావారు అంటారు. నాకు మాత్రం నెమ్మది లేదు. దేవుని పని చేస్తూనే దేవునికి దూరమయ్యానా? ఈ బాధ్యతలన్నీ వదిలిపెట్టాలా?
(ఒక సహోదరి, గుంటూరు)

జవాబు: సహోదరీ, వందనములు. మీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను, రెండవసారి చదివినప్పుడు నా సంగతే ఎవరో రాసి పంపినట్లు అనిపించింది. అందుచేత ముందుగా నాకు జరిగినది చెబుతాను.

నేను విజయవాడలో కాపరిగా ఉన్న రోజుల్లో ఒక శుభ శుక్రవారం నాటి మాట. మధ్యాహ్నం 12 గంటల నుండి 3 గంటల వరకు జరిగే ఆరాధనలో, సిలువమీద ప్రభువు పలికిన ఏడు మాటలను ఏడుగురు వరుసగా ధ్యానించడం మన సంఘాలలో ఉన్న వాడుక. ఆ సంవత్సరం ఏడవ మాట నా వంతుకు వచ్చింది. మొదటి ఆరుగురు మాట్లాడినంతసేపు నేను వేదికమీద కూర్చుని, బైబిలులో దాచుకున్న చిన్న కాగితం మీద నా అంశాలకు వరుస అంకెలు వేసుకుంటూ, నేను చెప్పదలచిన ఉదాహరణను నాకంటే ముందు ఎవరైనా చెప్పేస్తారేమోనని భయపడుతూ ఉన్నాను. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అనే మాట మీద నాలుగవ ప్రసంగీకుడు మాట్లాడుతున్నప్పుడు తల ఎత్తి చూస్తే, ముందు వరుసలో చాప మీద కూర్చున్న ఒక వృద్ధురాలు చీర కొంగును నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆమెకు చదువు రాదని, నాలుగిళ్లలో పాచిపని చేసుకుని బ్రతుకుతుందని నాకు తెలుసు. ఆ మూడు గంటలలో ఆ గుడిలో ప్రభువు శ్రమను తలచుకున్న మనిషి ఆమె. నేను తలచుకున్నది నా ప్రసంగాన్ని. తర్వాత లేచి ఇరవై నిమిషాలు మాట్లాడాను, బాగా చెప్పారని చాలామంది చేయి కలిపారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయాను.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. మీరు దేవునికి దూరమయ్యారా అంటే, కొంత దూరమయ్యారనే చెప్పాలి. అయితే ఆ దూరం మీకు బాధ కలిగిస్తోంది. ప్రేమ పూర్తిగా చల్లారినవారికి ఆ బాధే ఉండదు. వారు మైకు దగ్గర ప్రార్థించి, ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోతారు.

మార్త మరియల సంగతి మీకు తెలియనిది కాదు. మన స్త్రీల కూడికలలో దానిమీద ఎన్నో ప్రసంగాలు వింటాం, వాటిలో చాలావరకు మార్తను అనవసరంగా నిందిస్తాయనేది నా అభిప్రాయం. లూకా సువార్త 10వ అధ్యాయాన్ని నిదానంగా చదవండి. ప్రభువును తన యింట చేర్చుకొన్నది మార్తయే. చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని బోధ వింటుండగా ఆమె వంటపనిలో పడింది. ఆమె వంట చేయడాన్ని ప్రభువు తప్పు పట్టలేదు. "మార్తా, మార్తా, నీవనేకమైన పనులను గూర్చి విచారము కలిగి తొందరపడుచున్నావు" అన్నాడు. తప్పు ఆ విచారంలో ఉంది, ఆ తొందరలో ఉంది. ఆమె మాటలను గమనించండి: "నేను ఒంటరిగా పనిచేయుటకు నా సహోదరి నన్ను విడిచిపెట్టినందున, నీకు చింతలేదా?" ఎవరికోసం పొయ్యి ముట్టించిందో ఆయనమీదనే ఫిర్యాదు, పక్కన కూర్చున్న చెల్లెలిమీద కోపం. మన సంఘాల వంటశాలల్లో కోతపండుగ నాడు ఇదే మాట వేరు వేరు గొంతులతో వినబడుతుంది. పని ఎక్కువైనందువల్ల వచ్చే అలసట నిద్రతో తీరుతుంది గాని, ప్రభువుతో గడపకుండా ప్రభువు పని చేసినందువల్ల వచ్చే అలసట ఇలా ఇతరుల మీద విసుగుగా బయటపడుతుంది. మీ ఉత్తరంలో అలాంటి విసుగు లేదు. అది ఇంకా రాకముందే మీరు మేలుకొన్నందుకు దేవుని స్తుతిస్తున్నాను.

మార్త కథ అక్కడితో ఆగిపోలేదు. యోహాను సువార్త 11వ అధ్యాయంలో, సహోదరుడు లాజరు చనిపోయిన దుఃఖంలో ఉండి కూడా, "నీవు లోకమునకు రావలసిన దేవుని కుమారుడవైన క్రీస్తువని నమ్ముచున్నాను" అని ఒప్పుకొన్నది ఈ మార్తయే. 12వ అధ్యాయంలో బేతనియలో మళ్లీ విందు జరిగినప్పుడు "మార్త ఉపచారము చేసెను" అని రాయబడి ఉంది. అదే మనిషి, అదే వడ్డన. చెల్లెలు ఈసారి కూడా ప్రభువు పాదాల దగ్గరే ఉండి, మిక్కిలి విలువగల అత్తరు పూసింది. అయినా మార్త నోట ఫిర్యాదు లేదు. ఈ మూడు అధ్యాయాలనూ కలిపి చదివినప్పుడు, మీరు గరిటె క్రింద పెట్టనక్కరలేదని, గరిటె పట్టుకున్న మనస్సు మారాలని నాకు అర్థమవుతుంది.

మీ భర్తగారు ప్రేమతోనే ఆ మాట అన్నారు, అందులో కొంత నిజం ఉంది. ప్రభువు నిమిత్తం చేసిన ఏ పనినీ ఆయన మరచిపోడు. మన గుంటూరు సంగతే చూడండి. 1842లో మిషనరీ హయ్యర్ గారు ఇక్కడికి వచ్చిన నాటి నుండి బడులు, వసతి గృహాలు, ఆసుపత్రులు లేకుండా ఈ ప్రాంతపు సంఘాల చరిత్ర లేదు. 1883లో వచ్చిన మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ గారి పేరు ఈ ఊరి ఆసుపత్రికి నేటికీ ఉంది. కనుక పనిని చులకన చేసే భక్తిని నేను మీకు బోధించను. అయితే "పనే ప్రార్థన" అనే మాట, ప్రార్థించేవారికి ఆదరణగా ఉంటుంది, ప్రార్థన మానేసినవారికి సాకుగా మారుతుంది. ఇంట్లో భార్యకు వంటావార్పూ, బట్టలూ, పిల్లల చదువులూ అన్నీ చక్కబెడుతూ ఆమెతో నెలల తరబడి మాట్లాడని భర్తను ఊహించుకోండి. ఆయన ఆమె కోసం ఏమీ చేయడం లేదని ఎవరూ అనరు. అయినా ఆ ఇంట్లో ఏదో పోయిందని ఆ భార్యకు తెలుసు.

ఎఫెసు సంఘానికి ప్రభువు పంపిన మాటలు ప్రకటన గ్రంథం 2వ అధ్యాయంలో ఉన్నాయి. ఆ సంఘపు క్రియలు, కష్టము, సహనము అన్నీ తనకు తెలుసునని ఆయన మెచ్చుకున్నాడు. వారు అబద్ధ అపొస్తలులను పరీక్షించారు, ఆయన నామము నిమిత్తము భారము భరించి అలయలేదు. ఒక వార్షిక నివేదికలో రాయదగినవన్నీ వారికి ఉన్నాయి. "అయినను మొదట నీకుండిన ప్రేమను నీవు వదిలితివని నేను నీమీద తప్పు ఒకటి మోపవలసియున్నది" అని ఆయన అన్నాడు. దానికి ఆయన చెప్పిన మందును చాలామంది గమనించరు. కన్నీళ్లు తెచ్చుకోమని గాని, పాత ఉద్రేకాన్ని మళ్లీ రప్పించుకోమని గాని ఆయన చెప్పలేదు. ఏ స్థితిలోనుండి పడితివో జ్ఞాపకము చేసికొనుము, మారుమనస్సు పొందుము, ఆ మొదటి క్రియలను చేయుము అన్నాడు. కనుక మీరు రక్షణ పొందిన తొలి రోజుల్లో ప్రభువుతో ఎలా గడిపేవారో తలచుకోండి. తెల్లవారుజామున మీరు ఏ గదిలో కూర్చునేవారు, ఏ కీర్తన చదివేవారు, ఏ పాట మెల్లగా పాడుకునేవారు? ఆ చోటికి, ఆ వేళకు తిరిగి వెళ్లండి. ప్రార్థనకు మాటలు రాకపోతే 27వ కీర్తన గాని 63వ కీర్తన గాని బయటికి చదివి, "ప్రభువా, ఎండిన హృదయంతో వచ్చాను" అని ఒక్క మాట చెప్పి మౌనంగా కూర్చోండి. మొదటి వారమంతా మనస్సు భోజనాల లెక్కల మీదికే పోతుంది, దానికి భయపడవద్దు. పక్కన ఒక చీటీ పెట్టుకుని, గుర్తుకొచ్చిన లెక్కను అందులో రాసి, మళ్లీ వాక్యానికి రండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

ప్రభువు కపెర్నహూములో రాత్రి పొద్దుపోయే వరకు రోగులను బాగుచేసి, మరునాడు ఇంకను చాల చీకటి యుండగానే అరణ్య ప్రదేశమునకు వెళ్లి ప్రార్థించాడని మార్కు రాశాడు. "అందరు నిన్ను వెదకుచున్నారు" అని శిష్యులు వచ్చి చెప్పినప్పుడు కూడా, ఆయన ఆ జనుల దగ్గరికి తిరిగి పోలేదు, ఇతర గ్రామాలకు వెళ్దామన్నాడు. అందరూ వెదకుతున్నారు కదా అని ప్రతి పిలుపుకూ లేచి పోవడం ఆయన చేయలేదంటే, మీరు మీ ఫోనులో వచ్చే ప్రతి పిలుపుకూ సరే అనవలసిన పని లేదు. పండ్రెండుమందిని ఏర్పరచుకొన్నప్పుడు కూడా, వారు "తనతో కూడ ఉండునట్లును" అనే మాట ముందు వచ్చింది, సువార్త ప్రకటించుటకు పంపడం ఆ తర్వాత.

బాధ్యతలన్నీ వదిలిపెట్టాలా అని అడిగారు. వద్దు, ఒకటో రెండో వదలండి. పదకొండేళ్లు ఒకే పదవిలో ఉండడం మీకూ మంచిది కాదు, నేర్చుకోవలసిన చిన్నవారికీ మంచిది కాదు. ఈ వార్షిక కూటంలో కార్యదర్శి పనిని మరొక సహోదరికి అప్పగించి, సండే స్కూలును ఉంచుకోండి, ఎందుకంటే పిల్లలకు పాఠం చెప్పాలంటే ముందు మీరు వాక్యం దగ్గర కూర్చోక తప్పదు. మీరు తప్పుకుంటే సంఘం నడవదని ఎవరైనా అంటే నమ్మవద్దు. నలుగురైదుగురు స్త్రీల నడుము విరిచి కార్యక్రమాలు నడిపి, వారి ఆత్మల క్షేమం అడగని కాపరులం మేము చాలామందిమి ఉన్నాం. ఆ విషయంలో తప్పు మీకంటే మాదే ఎక్కువ. మీ కాపరిగారితో ఈ సంగతి దాచకుండా చెప్పండి.

ప్రశ్న: ఎప్పుడూ ప్రార్థన అంటూ కళ్లు మూసుకునేవారు కుర్చీలు సర్దడానికి ఒక్కరోజైనా రారు. మేము ఇరవై ఏళ్లుగా చేస్తున్న సేవకు విలువ లేదా?
(ఒక సంఘ పెద్ద, తెనాలి)

జవాబు: అన్నా, విలువ ఉంది. ప్రార్థన పేరుతో పని తప్పించుకోవడం భక్తి కాదు. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు రాశాడు. అయితే మీ మాట వింటుంటే తప్పిపోయిన కుమారుని ఉపమానంలో, తిరిగివచ్చిన తమ్మునికి తండ్రి విందు చేసినందుకు కోపపడిన అన్న గుర్తుకు వచ్చాడు. "ఇదిగో యిన్నియేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే" అని అతడు లెక్క చెప్పాడు. తండ్రి ఆ లెక్కను కాదనలేదు, "కుమారుడా, నీవెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు" అన్నాడు. తండ్రితో ఉండడమే అతనికి దొరికిన భాగ్యం, పొలం పనిలో పడి దాన్ని అతడు గుర్తించలేదు. వచ్చే ఆదివారం కుర్చీలు సర్దడం అయ్యాక, వాటిలో ఒకదానిమీద మీరు ఆరాధనకు పావుగంట ముందే కూర్చోండి.

ప్రశ్న: నేను విజయవాడలో ఇంజనీరింగు చదువుతున్నాను. మా సంఘంలో ఆరాధనను లైవ్ ఇచ్చే బాధ్యత నాది. రెండేళ్లుగా ప్రతి ఆదివారం తెర మీద చూపు, చెవిలో హెడ్‌ఫోన్, సౌండు సరిగా వస్తోందా అనే ఆలోచన. ప్రభు భోజనం తీసుకునేటప్పుడు కూడా కెమెరా వైపే చూస్తున్నాను. ఏం చేయాలి?
(ఒక యువకుడు, విజయవాడ)

జవాబు: బాబూ, మంచం పట్టినవారు, దూర దేశాల్లో ఉన్నవారు నీ పని వల్లనే ఆరాధనలో పాలుపొందుతున్నారు. ఆ సంగతి మరువకు. అయినా ప్రభు భోజన సమయంలో నీ కళ్లు రొట్టె మీద ఉండాలి. ఆ కొద్ది నిమిషాలు కెమెరాను బల్ల వైపు తిప్పి కదలకుండా ఉంచు, హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టు, అందరితోపాటు వెళ్లి మోకరించు. చిత్రం కొంచెం ప్రక్కకు జరిగితే జరగనీ. ఇంకా ఇద్దరు స్నేహితులకు ఈ పని నేర్పి, నెలలో రెండు ఆదివారాలైనా ఇంటివారితో కలిసి కూర్చో. మీ పెద్దలు ఒప్పుకోకపోతే ఈ జవాబును వారికి చూపించు.