నూరేళ్ల నాటి మేడలో సంగీత, నృత్య పాఠశాల: మొదటి ఖర్చు నేల మీదే

ఊరి నడిబొడ్డున ఉన్న నూరేళ్ల నాటి మేడ అద్దెకు దొరుకుతోందని, అందులో సంగీతం, కూచిపూడి, నాటకం నేర్పే పాఠశాల పెడదామనుకుంటున్నామని, ముందుగా దేనికి ఖర్చు పెట్టాలని అడిగారు. తప్పకుండా పెట్టండి. రంగులు, బోర్డు, ముందు వరండా సంగతి తర్వాత చూసుకోవచ్చు. మొదటి రూపాయి మాత్రం నేల మీద పెట్టండి.

నేను విజయనగరంలో అలాంటి పాత ఇంట్లోనే చాలా కాలంగా కూచిపూడి నేర్పుతున్నాను. ఆ ఇళ్లలో రాతి నేల చూడ్డానికి అందంగా ఉంటుంది, ఎండాకాలంలో చల్లగా ఉంటుంది. కానీ మన నాట్యంలో అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడి, ఉత్తి కాళ్లతో, పాదం మొత్తం నేలకు తట్టాలి. రాయి ఆ దెబ్బను ఏమాత్రం తీసుకోదు, అంతా మడమలకీ మోకాళ్లకీ తిరిగొస్తుంది. మా దగ్గర పెద్ద పిల్లలు తీర్మానం (అడుగుల వరుసను ముగించే ఘట్టం) అయ్యేసరికి మోకాలి కింద ముందు ఎముక పట్టుకుని కూర్చుండిపోయేవాళ్లు. దాంతో రాయి మీద చెక్క నేల వేయించాం. రబ్బరు ముక్కలు, వాటి మీద కర్ర పట్టీలు, ఆపైన రెండు పొరల ప్లైవుడ్. పై పొర అతుకులు కింది పొర అతుకుల మీద పడకూడదు. మేకుల బదులు స్క్రూలు వాడి, తలలు చెక్కలోకి దిగేలా బిగించాలి, లేకపోతే పాదాలు కోసుకుపోతాయి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది కాబట్టి గోడ పొడవునా వేలు పట్టేంత సందు వదలమని మేస్త్రీకి గట్టిగా చెప్పండి. నేలలో చెమ్మ ఉంటే అన్నిటికంటే కింద ప్లాస్టిక్ షీటు పరవాలి.

పై అంతస్తులో మాత్రం నాట్యం వద్దు. ఇరవై మంది కూర్చుని స్వరాలు పాడటం వేరు, అదే ఇరవై మంది ఒకే తాళానికి ఒకేసారి కాలు తట్టడం వేరు. లయలో పడే దెబ్బకి చెక్క దూలాల అంతస్తు ఊగడం మొదలవుతుంది. దూలం గోడలోకి దిగే చోట ప్రత్యేకంగా చూడండి, వాన నీరు చేరేదీ చెద పట్టేదీ ఎక్కువగా అక్కడే. స్క్రూడ్రైవరుతో గుచ్చితే మెత్తగా దిగిందంటే ఆ దూలం పని అయిపోయినట్టే. స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి రాసిచ్చేదాకా అగ్రిమెంటు మీద సంతకం పెట్టకండి.

గోడలు గానుగ సున్నంతో కట్టినవైతే సిమెంటు పూత పూయనివ్వకండి. సున్నం గోడ చెమ్మను పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే లోపలే చెమ్మ పట్టి పెచ్చులు ఊడతాయి. మృదంగం, వీణ ఉండే గదికి ఇది ఇంకా ముఖ్యం. వానాకాలంలో మృదంగం చర్మం జారి శ్రుతి నిలవదు, అందుకని వాయిద్యాలను బయటి గోడకు దూరంగా పెట్టుకోండి.

ఇక శబ్దం. ఎత్తయిన కప్పు, ఖాళీ గోడలు ఉన్న హాల్లో వయొలిన్ ఎంత బాగుంటుందో చెప్పలేను. అదే హాల్లో జతులు (నాట్యానికి తాళంలో నోటితో చెప్పే తకధిమి లాంటి అక్షరాలు) చెబితే ఒక అక్షరం మీద ఇంకో అక్షరం పడి పిల్లలకు అర్థం కాదు. నాటకం డైలాగుకీ అంతే. గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి, అది ఎంతసేపు మోగుతుందో వినండి. మేం రెండు గోడలకు మందపాటి కర్టెన్లు వేలాడదీసి, పిల్లలు కూర్చునే చోట జంపఖానాలు పరిచాం. నాట్యం క్లాసుకి తీసేస్తాం, పాటకి పరుస్తాం. ఖర్చు తక్కువ, తేడా చాలా ఉంది.

ఇంత తలనొప్పి ఎందుకు, ఊరి బయట కొత్త షెడ్డు వేసుకుంటే పోదా అంటారేమో. నేనైతే ఒప్పుకోను. 1919లో మా ఊళ్లో మహారాజావారు సంగీత కళాశాల పెడితే హరికథలకు పేరుపడ్డ ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్ అయ్యారు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పారు. అక్కడ చదువుకున్న ఘంటసాల ఇంటింటికీ తిరిగి మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. చుట్టూ ఇళ్లు, అన్నం పెట్టే తల్లులు ఉన్న ఊళ్లోనే ఆ చదువు సాగింది. ఈరోజుకీ మా క్లాసుకి చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సు దిగి నడిచొచ్చే పిల్లలున్నారు. కారు ఉన్నవాళ్లు ఎక్కడికైనా వెళ్లగలరు. బస్టాండుకి దగ్గర్లో ఉన్న బడి మిగతా పిల్లల కోసం. వాళ్లని వదులుకోకండి.

అద్దె ఒప్పందం కనీసం పదేళ్లకు రాయించి రిజిస్టర్ చేయించండి, నేల మీద పెట్టిన డబ్బు మూడేళ్లలో రాదు. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది, శుభ్రమైన బాత్రూమ్, బయటికి పోవడానికి రెండో దారి, ఈ మూడూ లేకుండా అడ్మిషన్లు మొదలుపెట్టొద్దు. వైరింగు అంతా కొత్తది వేయించండి. సంతకానికి ముందు ఒక సాయంత్రం మృదంగం వాయించేవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లి, కిటికీలన్నీ తెరిచి ఓ గంట వాయించమనండి. మీరు రోడ్డు మీద నిలబడి వినండి, ట్రాఫిక్ శబ్దం లోపలికి ఎంత వస్తోందో కూడా చూసుకోండి. అప్పుడే పక్క షాపులవాళ్లని కలిసి మాట్లాడటం మంచిది.