ప్రొలాక్టిన్ 62 వచ్చిందంటే గడ్డ ఉన్నట్టేనా?

కంగారు పడకండి. పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ మిల్లీలీటరు రక్తానికి 62 నానోగ్రాములు వచ్చిందని, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డేమోనని భయంగా ఉందని రాశారు. వికారానికి రోజూ డాంపెరిడోన్ వేసుకుంటున్నానని చివర్లో ఒక్క ముక్క అన్నారు చూడండి, నా అనుమానమంతా దాని మీదే.

మిగతా పిట్యూటరీ హార్మోన్లు చాలావరకు మెదడు నుంచి ఆజ్ఞ వస్తేనే విడుదలవుతాయి. ప్రొలాక్టిన్ తీరు వేరు. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి వచ్చే డోపమిన్ అనే రసాయనం దాన్ని నిరంతరం అణచి ఉంచుతుంది. డాంపెరిడోన్ ఆ డోపమిన్ పనిని అడ్డుకుంటుంది, పగ్గం వదులవుతుంది. రక్తం నుంచి మెదడులోకి మందులు సులువుగా చొరబడకుండా ఒక రక్షణ గోడ ఉంటుంది, అందుకే ఈ మందు మెదడులోకి పెద్దగా చేరదన్న మాట నిజమే. కానీ పిట్యూటరీ ఆ రక్షణ గోడకు బయట ఉంది! మందుల వల్ల పెరిగినప్పుడు సాధారణంగా 25 నుంచి 100 మధ్య ఉంటుంది. మీ అంకె అందులోనే ఉంది.

డాక్టరును అడిగి, ఆయన సరేనంటే మందు మూడు రోజులు ఆపి మళ్లీ పరీక్ష చేయించుకోండి. నిద్ర లేచిన వెంటనే వద్దు, నిద్రలో ఈ హార్మోన్ పెరుగుతుంది. వ్యాయామం, సూది భయం కూడా పెంచుతాయి కాబట్టి కాసేపు స్థిమితంగా కూర్చున్నాకే రక్తం ఇవ్వండి. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోండి, థైరాయిడ్ మందగించినా ఇలా జరుగుతుంది. గర్భం లేదని నిర్ధారించుకోవడం మరవకండి.

చూపు పక్కల నుంచి తగ్గుతున్నా, తలనొప్పి వదలకపోయినా ఇవేవీ ఆగి చూడాల్సినవి కావు, వెంటనే ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల డాక్టరును కలవండి.